పది రోజులకు రాసిన మాత్ర

మా వారు 2018 వేసవిలో పోయిన తరువాత నాకు నిద్ర దూరమైంది. పగలంతా వచ్చీపోయే బంధువులతో ఎలాగో గడిచిపోయేది కాని, రాత్రి పదకొండు దాటితే హనుమకొండలోని మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప మరొకటి వినిపించేది కాదు. ఏళ్ల తరబడి మా కుటుంబాన్ని చూస్తున్న వైద్యుడు 0.25 మిల్లీగ్రాముల అల్ప్రాజోలం అనే నిద్ర మాత్ర పది రోజులకు రాసి ఇచ్చారు. మొదటి రాత్రే ఆరు గంటలు నిద్రపోయాను. ఆ మేలును నేను ఈనాటికీ కాదనను. నా కోపం ఆ చీటీ మీద కాదు.

రెండేళ్లు గడిచేసరికి మాత్ర అర మిల్లీగ్రాముకు పెరిగింది. పదకొండో రోజు నుంచే చీటీతో పని లేకుండా పోయింది. మందుల దుకాణం అతను "టీచరమ్మకు చీటీ ఎందుకు" అని ఎంతో గౌరవంగా మాత్రల పట్టీ చేతిలో పెట్టేవాడు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడనిది అనీ, వైద్యుని పేరు, రోగి పేరు పుస్తకంలో రాసి మూడేళ్లు భద్రపరచాలన్న నియమం 2014 నుంచే అమలులో ఉన్నదనీ నాకు అప్పుడు తెలియదు. పట్టీ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. ముప్పై మూడేళ్లు పిల్లలకు పాఠం చదివి అర్థం చెప్పిన నేను ఆ నాలుగు పంక్తులను ఒక్కసారి కూడా చదవలేదు.

అయినా 2020లో ఒకనాడు నాకే భయం వేసి వైద్యుణ్ణి అడిగాను. అది లేకపోతే కన్ను మూతపడటం లేదని, అలవాటుగా మారిందేమోనని అన్నాను. ఆయన రక్తపోటు పట్టీ విప్పుతూ, నా ముఖం వైపు చూడకుండా, "ఈ వయసులో అలవాటైతే మాత్రం ఏం పోతుందమ్మా, హాయిగా పడుకోండి" అన్నారు. అప్పుడు నాకు అరవై నాలుగేళ్లు. ఆ మాటలో దయ ఉన్నదనుకొని ఇంటికి వచ్చాను. మరో నాలుగేళ్లకు గాని ఆ దయ వెనుక ఉన్నది నాకు అర్థం కాలేదు. నా ఆయుష్షులో ఇక కాపాడవలసినది పెద్దగా ఏమీ మిగలలేదని ఆయన మనసులో లెక్క వేసుకున్నారు. ఆ లెక్కను నేను క్షమించలేదు.

2022లో స్నానాల గదిలో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టినవారు ఎముకల బలం గురించి చెప్పారే తప్ప, రాత్రి ఏ మందు వేసుకుంటున్నానని ఎవరూ అడగలేదు. పొయ్యి మీద పాలు మరచిపోతుంటే, చెప్పిందే మళ్లీ చెబుతుంటే, మా అబ్బాయి మతిమరుపు రోగమేమోనని బెంగపడ్డాడు. అప్పటికి రాత్రి ఒక మిల్లీగ్రాము, మధ్యాహ్నం అర. వయసు మీదపడ్డ కాలేయం ఈ మందును త్వరగా వదిలించుకోలేదు కనుక పగలు కూడా దాని మత్తు ఒంట్లోనే ఉంటుందని, తూలి పడటానికీ మరపునకూ అదే కారణం కావచ్చని చాలా తరువాత తెలిసింది.

2024 ఫిబ్రవరిలో మా చెల్లెలి కుటుంబంతో కలిసి మేడారం జాతరకు వెళ్లాను. ఇరవై ఒకటవ తేదీ బుధవారం జంపన్న వాగులో స్నానం చేసి ఒడ్డుకు వచ్చేసరికి నా చేతిసంచి లేదు. డబ్బు పోయిందని అందరూ బాధపడ్డారు. పట్టీ పోయిందని నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర లేదు. మరునాడు సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని తీసుకువస్తున్నప్పుడు ఆనవాయితీగా పోలీసులు గాలిలోకి తుపాకి పేల్చితే, జనమంతా చేతులెత్తి మొక్కుతున్న ఆ క్షణాన నేను మాత్రం చెవులు మూసుకొని నేల మీద కూలబడ్డాను. చర్మం కింద చీమలు పాకుతున్నట్టుగా ఉంది. గుడారం గుడ్డ కదిలినా గుండె ఝల్లుమనేది.

శుక్రవారం రాత్రి నా చేతులు వణకడం మొదలుపెట్టాయి. తరువాత దవడ, ఆ తరువాత ఒళ్లంతా. చెల్లెలి కొడుకు "పెద్దమ్మకు శిగమూగుతున్నది" అని కేక వేశాడు. మేడారంలో, జాతర రాత్రి, ముసలామె ఒళ్లు ఊగితే అమ్మవారు పూనిందని కాక ఇంకేమనుకుంటారు? ఆ పిల్లవాణ్ణి నేను తప్పుపట్టను. పక్క గుడారాల వాళ్లు వచ్చి చుట్టూ చేరారు. ఎవరో నా నుదుట పసుపు రాశారు, చెల్లెలు కర్పూరం వెలిగించింది. ఒకామె నా ముందు మోకాళ్ల మీద కూర్చొని కొంగు పట్టి, "ఏ తల్లివమ్మా నువ్వు? ఏం గావాలె నీకు?" అని అడిగింది. ఆమె మాట నాకు స్పష్టంగా వినిపిస్తున్నది, నాలుక మాత్రం తిరగలేదు. తల్లీ, నేను ఎవరినీ కాను, నాకు మాత్ర కావాలి అని లోపల అరుస్తూనే ఉన్నాను. కర్పూరం మంట రెండుగా, నాలుగుగా కనిపించింది. ఆ తరువాత ఏమీ గుర్తు లేదు.

నన్ను బతికించినది మా చెల్లెలి కోడలు. ఆమె ఏఎన్ఎంగా పనిచేస్తుంది. నా నోటి వెంట నెత్తురు కారడం చూసి, జనాన్ని తోసుకొని వచ్చి, నన్ను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో చెంచా పెట్టబోయిన వారి చేయి పట్టుకొని ఆపి, "ఇది శిగం కాదు, ఫిట్స్" అని గట్టిగా అరిచిందట. జాతర వైద్య శిబిరంలో సూది మందు వేశారు. తెల్లవారేసరికి నేను వరంగల్‌లో ఉన్నాను. స్కానింగులు, రక్త పరీక్షలు అన్నీ అయ్యాయి. ఏ దోషమూ లేదన్నారు.

అప్పుడు ఒక యువ వైద్యురాలు మా అబ్బాయిని, "మీ అమ్మగారు కల్లు తాగుతారా?" అని అడిగింది. వాడు మండిపడ్డాడు. నాకూ తల కొట్టేసినట్టయింది. కాని ఆరేళ్లలో నన్ను గురించి వేసిన సరైన ప్రశ్న అదొక్కటే. కల్తీ కల్లులో కలిపే మత్తుమందుల్లో అల్ప్రాజోలం ఒకటి, డయజిపాం మరొకటి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఎందరో వచ్చారు. ఉన్నట్టుండి మందు ఆగినందుకే వారికి ఆ గతి పట్టింది. నాకు పట్టినదీ అదే.

నా పక్క మంచం మీద పరకాల వైపు ఊరి నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల తల్లి ఉండేది. పట్నంలో కూతురి ఇంటికి వచ్చాక కల్లు దొరకక నాలుగో రోజున ఒళ్లు తెలియకుండా పడిపోయింది. మంచం నుంచి పడకుండా ఆమె చేతులను మెత్తని గుడ్డతో కట్టారు. మా ఇద్దరి మూత్ర పరీక్షల్లోనూ అదే జాతి మందు బయటపడింది. నన్ను అందరూ "అమ్మా" అన్నారు, ఆమెను "తాగుబోతు ముసల్ది" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె కూతురు తల దించుకొని తల్లి కాళ్లు ఒత్తేది. ఒక రాత్రి నేనే లేచి కూర్చొని ఆ అమ్మాయికి చెప్పాను, మీ అమ్మ సీసాలో ఏముందో అదే నా పట్టీలోనూ ఉండేదని. ఆ అమ్మాయి చాలాసేపు నా చేయి వదలలేదు.

మానసిక వైద్యుడు నా మందును ఒక్కసారిగా ఆపలేదు. ఎక్కువసేపు ఒంట్లో నిలిచే అదే జాతి మందుకు మార్చి, కొద్ది కొద్దిగా తగ్గిస్తూ పదకొండు నెలలు తీసుకున్నారు. స్టీలు పళ్లెంలో మాత్రను బ్లేడుతో సగానికి, ఆ సగాన్ని పావుకు కోసేదాన్ని. పళ్లెం అంచున మిగిలిన తెల్లని పొడిని వేలితో అద్దుకొని నోట్లో వేసుకోవాలనిపించిన రాత్రులు ఉన్నాయి. రెండుసార్లు వేసుకున్నాను కూడా. ఆ సంగతి ఆయనకు చెబితే తిట్టలేదు, తగ్గింపును రెండు వారాలు నిలిపి మళ్లీ మొదలుపెట్టారు. నిద్ర వచ్చినా రాకపోయినా ఉదయం ఐదున్నరకే లేవడం, భద్రకాళి చెరువు కట్ట మీద ఎండ పొడ తగిలేదాకా నడవడం, మధ్యాహ్నం తరువాత చాయ్ మానడం, ఇవన్నీ చిన్న పనులే. ఇప్పుడు నాకు ఐదు గంటల నిద్ర పడుతున్నది. సమ్మక్క తల్లి నా సంచిని వాగులో కావాలనే తీసుకున్నదని నా నమ్మకం.

నెలకోసారి జరిగే విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఈ సంగతి చెబుతూ వస్తున్నాను. ఇంట్లో ఉన్న మందులన్నీ, మోకాళ్ల నొప్పులవీ దగ్గు మందు సీసాలతో సహా, ఒక సంచిలో వేసుకొని వైద్యుని బల్ల మీద పెట్టమంటాను. నిద్ర మాత్రా మద్యమూ కలిస్తే నిద్రలోనే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చని, ఇంట్లో చెప్పుకోలేనివారు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చని చెబుతాను.

మొన్నటి సమావేశం అయ్యాక, నాతో పాటు పనిచేసిన లెక్కల టీచరు ఒకామె నన్ను వరండా చివరకు తీసుకువెళ్లి, కొంగు ముడి విప్పి సగం ఖాళీ అయిన పట్టీ చూపించింది. "అక్కా, తొమ్మిదేండ్ల నుంచి. ఇగ ఇయ్యాల్టి నుంచి ముట్ట" అని దాన్ని చెత్తడబ్బాలో వేయబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకొని ఆపాను. పట్టీని మళ్లీ ఆమె కొంగుకే కట్టి, ఆ రాత్రికి ఎప్పటి మాత్ర అప్పుడే వేసుకొమ్మని, సోమవారం ఇద్దరం కలిసి వైద్యుని దగ్గరికి పోదామని చెప్పాను.