ప్రాసెసర్ ట్యూరింగ్ కంప్లీటేనా? చిక్కంతా అడ్రస్ దగ్గరే

ట్యూరింగ్ కంప్లీట్ అంటే, గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ ఊహించిన యంత్రం చేయగల ఏ లెక్కైనా చేయగలగడం. ప్రాసెసర్ అలాంటిదేనా అన్న ప్రశ్నకి తరచూ వినిపించే జవాబు "అనంతమైన మెమరీ ఉండదు కాబట్టి కాదు" అని. తప్పు కాదు గానీ సగమే.

ఆర్డ్యునో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులో ఉండే ఏటీమెగా328పీ చిప్‌నే చూడండి. ర్యామ్ 2 కేబీ, అంటే 16,384 బిట్లు. రిజిస్టర్లు, ఈఈప్రామ్ లాంటి ఇతర మెమరీలు పక్కన పెట్టినా ర్యామ్ ఒక్కదానికే 2కి 16,384వ ఘాతం అన్ని స్థితులు. రాస్తే 4,933 అంకెలు. ఎంత పెద్దదైనా దానికో హద్దుంది. బయటి ఇన్‌పుట్ లేనప్పుడు, ఒకసారి వచ్చిన మొత్తం స్థితి మళ్లీ వచ్చిందంటే ప్రోగ్రామ్ ఇక ఆగదు. అంటే హాల్టింగ్ సమస్యకి (ప్రోగ్రామ్ ఎప్పటికైనా ఆగుతుందా లేదా అని తేల్చడం) ఇక్కడ పరిష్కారం ఉంది: ఒకే ప్రోగ్రామ్‌ని రెండు సిమ్యులేటర్లలో పెట్టి, ఒకదాన్ని ఒక్కో అడుగు, రెండోదాన్ని రెండేసి అడుగులు నడపాలి. రెండూ ఒకే స్థితిలో కలిస్తే లూపే. కాకపోతే ఓపిక చాలదు. 16 మెగాహెర్ట్జ్ దగ్గర విశ్వం పుట్టినప్పటి నుంచి నడిపినా అయ్యే సైకిళ్ల సంఖ్యకి 25 అంకెలే.

చాలా పీసీల్లో ఉండే ప్రాసెసర్ రకం, 64 బిట్ల ఎక్స్86దీ ఇదే కథ. ఐదంచెల పేజ్ టేబుళ్లతో (అడ్రస్‌ని అసలు మెమరీ చోటుకి మార్చే పట్టికలు) వర్చువల్ అడ్రస్, అంటే ప్రోగ్రామ్ వాడే అడ్రస్, 57 బిట్లు. అంటే 128 పెబీబైట్లు (ఒక పెబీబైట్ 2కి 50వ ఘాతం బైట్లు). ఆపైన ర్యామ్ తెచ్చి పెట్టినా ఒక ప్రోగ్రామ్ దాన్నంతా ఒకేసారి చూడలేదు.

అయితే 1936లో ట్యూరింగ్ చెప్పిన యంత్రంలోనూ తర్వాత ఏం చేయాలో నిర్ణయించే కంట్రోల్ భాగం పరిమితమే. హద్దు లేనిది, గడి గడికీ ఒక గుర్తు రాసుకునే టేపుకి. అదీ ఒకేసారి అనంతంగా ఉండక్కర్లేదు, అయిపోయినప్పుడు అతికించుకోగలిగితే చాలు. కాబట్టి ఆ 2 కేబీ చిప్‌కే సీరియల్ పోర్టు మీద ఒక టేపు పరికరం తగిలించి, నాలుగే కమాండ్లు ఇవ్వండి: చదువు, రాయి, ఎడమకి, కుడికి. గడి నంబరు ఎక్కడా ఉండకూడదు. చిప్ గుర్తుపెట్టుకోవాల్సింది ప్రస్తుత స్థితి, చదివిన గుర్తు మాత్రమే. టేపు పెరుగుతూ ఉన్నంతకాలం ఈ జత నిజంగానే ట్యూరింగ్ యంత్రం.

బోల్తా పడేది ఎక్కడంటే, డ్రైవర్ కోడ్‌లో "ఇప్పుడు ఏ గడిలో ఉన్నాం" అని 32 బిట్ల కౌంటర్ పెట్టుకున్నప్పుడు. 4,29,49,67,296 గడుల తర్వాత అది సున్నాకి తిరుగుతుంది, కోడ్ పాత గడి మీదే ఉన్నాననుకుంటుంది. మామూలు సాటా డిస్కు కూడా పనికిరాదు: 48 బిట్ల బ్లాక్ నంబరు, బ్లాకుకి 512 బైట్లు, లెక్క కడితే మళ్లీ అదే 128 పెబీబైట్లు.

ఎక్స్86లో డేటాని ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేసే మూవ్ ఇన్‌స్ట్రక్షన్, చివర తిరిగి మొదటికి తెచ్చే ఒక్క జంప్ ఉంటే ట్యూరింగ్ కంప్లీట్ కావడానికి చాలని 2013లో కంప్యూటర్ పరిశోధకుడు స్టీఫెన్ డోలన్ చూపించాడు. అది ఆ ఇన్‌స్ట్రక్షన్ సత్తా గురించిన మాట. చేతిలో ఉన్న చిప్‌కి వర్తించాలంటే మెమరీకి హద్దు లేదని ముందు ఒప్పుకోవాలి.