హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: రెండు టికెట్లతో మేం పడ్డ పాట్లు

పోయిన వారమే నేనూ మా ఆవిడా శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాం. నిద్ర ఇంకా దారిలో పడలేదు, నా కోపమూ చల్లారలేదు. వీసా సులువుగానే వచ్చింది. చిక్కంతా టికెట్లతోనే.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ రెండు గంటల పైచిలుకు, అక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు 16 గంటలు, "హాయిగా వెళ్లిపోతారు సార్" అన్నాడు ఏజెంటు. ఆ రెండూ వేర్వేరు కంపెనీల టికెట్లని, వేర్వేరు పీఎన్‌ఆర్‌లని మాత్రం చెప్పలేదు. లగేజీ గురించి గుచ్చి గుచ్చి అడిగాను. మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు అని ఘంటాపథంగా చెప్పాడు.

శంషాబాద్ కౌంటర్లో అమ్మాయి "మనిషికి 15 కిలోలే సార్" అంది. మా దగ్గర 90 కిలోలు ఉన్నాయి. అమెరికా టికెట్ చూపిస్తే "అది వేరే టికెట్, మాకు సంబంధం లేదు. పక్కకి జరిగి సర్దుకోండి" అంది. మా ఆవిడ అంతమంది మధ్య నేల మీద కూర్చుని పెట్టెలు విప్పింది. అరిసెల డబ్బాలు, కందిపొడి, గోంగూర పచ్చడి, తన చీరలు, నా బీపీ మాత్రలు అన్నీ బయటపడ్డాయి. వెనక లైన్లో ఒక కుర్రాడు నవ్వాడు. మనవరాలి కోసం వారం రోజులు వండిన మనిషి అక్కడ తలెత్తలేకపోయింది. ఏది తీసేసినా పదో పరకో కిలోలే తగ్గుతాయి. చివరికి అదనపు బరువుకి డబ్బు కట్టాను. ఆ మొత్తం ఆ రోజు ఢిల్లీ టికెట్టు ధరని మించిపోయింది. తర్వాత ఏజెంటుకి ఫోన్ చేస్తే "రూల్స్ ఎయిర్‌లైన్స్‌వి సార్" అన్నాడు. పెద్దవాళ్లని ఒంటరిగా పంపే పిల్లలకి ఒక మాట: నాలుగు వేలు మిగులుతాయని టికెట్లు ముక్కలు చెయ్యకండి. తల్లిదండ్రులు మీకు ఫోన్లో చెప్పరు, మింగేస్తారు.

ఢిల్లీలో పెట్టెలు మళ్లీ తీసుకుని, ఒకటో టెర్మినల్ నుంచి మూడో టెర్మినల్‌కి బస్సులో మోసుకెళ్లి, మళ్లీ చెకిన్. మధ్యలో ఆరు గంటలు ఉండబట్టి సరిపోయింది. అంతకంటే తక్కువ గ్యాప్ అయితే ఒప్పుకోవద్దు.

విమానంలో మాత్రం నాకు బాగుంది. భూగోళం పాఠాలు చెప్పినవాణ్ణి, పక్క సీటాయనకి దారి వివరించాను. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సూటిగా సుమారు 12,400 కిలోమీటర్లు. 2016లో ఎయిర్ ఇండియా అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా సుమారు 15,300 కిలోమీటర్లు తిరిగి వెళ్లింది. దూరం పెరిగినా పడమటి నుంచి తూర్పుకి వీచే గాలి వెనక నుంచి తోయడంతో అట్లాంటిక్ దారిలో కంటే దాదాపు రెండు గంటలు ముందే చేరింది. మరి మనం ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకి ఎక్కి అదే ఆదివారం ఉదయం 7:30కి దిగడం ఎలాగని ఆయన అడిగితే, ఎండాకాలంలో అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుందని చెప్పాను.

తిరుగు టికెట్లు మా అమ్మాయి రద్దు చేయించి, దుబాయ్ మీదుగా ఒకే పీఎన్‌ఆర్ మీద తీసింది. పెట్టెలు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇస్తే మళ్లీ శంషాబాద్‌లోనే అందుతాయి. ఈసారి కాస్త ఎక్కువే అయింది, దానికి నాకేమీ బాధ లేదు.