మన ఫోను చెల్లని దేశంలో

బ్రెజిల్ వెళ్ళివచ్చానని చెప్పగానే మా ఒంగోలు వాళ్ళు మొదట అడిగేది గిత్తల సంగతి. అడగడంలో న్యాయం ఉంది. 1960 దశకం తొలి సంవత్సరాలలో ఇక్కడి నుంచి సముద్రం దాటిన గిత్తలలో ఒకదానికి ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే స్థిరపడింది, ఆ కరవది సంతతి గురించి అక్కడి పశుపోషకులు ఈనాటికీ గౌరవంగా మాట్లాడుకుంటారు. వాళ్ళు ఈ జాతిని నెలోర్ అంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కనుక, ఆ పేరు తమదేనని నెల్లూరు వాళ్ళు చెప్పుకుంటే మనం కాదనలేం. ఇరవై కోట్లకు పైబడిన ఆ దేశపు పశుసంపదలో అధిక భాగం ఈ తెల్లని, మూపురమున్న జాతి రక్తమే. వియాటినా-19 అనే ఒక ఆవు విలువను 2023లో నలభై లక్షల డాలర్లకు పైగా లెక్కకట్టారు. మనం బండలాగుడు పందేలకూ కనుమ పూజలకూ ఉంచుకున్న జంతువు అక్కడ మాంసం పరిశ్రమకు ఆధారం. ఆ మాట మా ఇంట్లో పెద్దవాళ్ళకు రుచించదు, అందుచేత నేనూ ఎక్కువగా చెప్పలేదు.

అయితే ఆ ప్రయాణం నుంచి నేను మోసుకొచ్చిన ఆలోచనలు గిత్తల గురించినవి కావు. చేతిలోని ఫోను గురించి, ఓటు గురించి.

మా తమ్ముడి కొడుకు సావో పాలోకు వంద కిలోమీటర్ల దూరంలోని కాంపినాస్ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ వీధిలో వారానికొకసారి సంత జరుగుతుంది. కూరగాయలు, పండ్లు, చేపలతో పాటు అప్పటికప్పుడు నూనెలో వేయించి ఇచ్చే పాస్తెల్, గానుగ తిప్పి పోసే చెరకు రసం దొరుకుతాయి. చెరకు రసం బండి దగ్గర నిలబడితే కాసేపు ఒంగోలు ట్రంకు రోడ్డు మీద ఉన్నట్టే ఉంటుంది. బండికి ఒక క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతుంటుంది, కొనేవాళ్ళు ఫోను చూపి డబ్బు పంపి వెళ్ళిపోతుంటారు. అదే పిక్స్. మన యూపీఐ 2016లో మొదలైతే పిక్స్ 2020 నవంబరులో వచ్చింది. యూపీఐని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడుపుతుండగా పిక్స్‌ను వాళ్ళ కేంద్ర బ్యాంకే స్వయంగా నడుపుతుంది. మిగిలిన పద్ధతి ఇంచుమించు ఒకటే: ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా, పగలైనా రాత్రయినా, పండుగ రోజైనా డబ్బు క్షణాలలో చేరుతుంది, మామూలు మనుషుల దగ్గర రుసుము తీసుకోరు.

ఆ అట్ట ముందు నా ఫోను ఎందుకూ కొరగాలేదు. యూపీఐ సింగపూరులో, భూటానులో, నేపాలులో, శ్రీలంకలో, మారిషస్‌లో ఏదో ఒక రూపంలో అడుగుపెట్టింది, 2024లో ప్యారిస్‌లోని ఈఫిల్ టవర్ టిక్కెట్టుకూ పనికొచ్చింది. బ్రెజిల్ సంతలోని చెరకు రసానికి మాత్రం అక్కడి బ్యాంకు ఖాతా ఉండాలి, ఆ ఖాతాకు సీపీఎఫ్ అనే పదకొండు అంకెల సంఖ్య కావాలి. మన ఆధార్‌కు పన్నెండు అంకెలు, వాళ్ళ సీపీఎఫ్‌కు పదకొండు, తేడా అంతేననిపిస్తుంది కానీ వాళ్ళు దాన్ని వాడే తీరు ఇంకా విస్తారం. మందుల దుకాణంలో తగ్గింపు ధరకు అడుగుతారు, ఆన్‌లైన్‌లో బస్సు టిక్కెట్టుకు అడుగుతారు, ఇంట్లోకి సామాను తెప్పించుకోవాలన్నా అడుగుతారు. మావాడు ఆ అంకెలను నోటితో గడగడా అప్పజెబుతుంటే, చిన్నప్పుడు మేము ఎక్కాలు అప్పజెప్పినట్టే ఉండేది.

ఇదంతా మన దగ్గర లేనిదేమీ కాదు. ఒంగోలులో పది రూపాయల టీకి ఫోను చూపుతాం, దుకాణంలోని పెట్టె తెలుగులో డబ్బు వచ్చిందని ప్రకటిస్తుంది, అందులో వింతేమీ మనకు తోచదు. కానీ ఆ పది రూపాయలు కదలాలంటే ఒక ఫోను నంబరు, దానికి ముడిపడిన ఒక బ్యాంకు ఖాతా, ఆ ఖాతా వెనుక ఒక గుర్తింపు సంఖ్య, వాటన్నింటి వెనుక మనల్ని తన మనిషిగా లెక్కరాసుకున్న ఒక ప్రభుత్వం ఉండాలి. పరాయి దేశంలో ఆ చివరిది లేకపోతే ముందున్నవన్నీ ఉన్నా లాభం లేదు. మన ఊరికి వచ్చిన విదేశీయుడి అవస్థ ఏమిటో నాకు ఆ సంతలో అర్థమైంది. అలాంటి వాళ్ళ కోసం ముందుగా డబ్బు నింపుకొని వాడుకునే యూపీఐ ఏర్పాటు ఒకటి వచ్చిందన్నారు. మా జిల్లాలో దాన్ని వాడిన విదేశీయుడు ఇంకా నా కంటపడలేదు.

చివరికి కార్డుతోనూ కాగితపు నోట్లతోనూ కాలం గడిచిపోయింది. సంతలో పెద్ద బండ్ల వాళ్ళ దగ్గర చిన్న కార్డు యంత్రాలు ఉంటాయి. కార్డును విదేశంలో వాడుకోవడానికి బయలుదేరే ముందే బ్యాంకు యాప్‌లో అనుమతి తెరిచి ఉంచుకోవాలి. పాత నంబరును రోమింగ్‌లో బతికించి ఉంచుకోకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే మన డబ్బు మనది కాదు. మా వయసు వాళ్ళు విదేశానికి బయలుదేరుతుంటే పచ్చళ్ళు సర్దుకునేముందు ఈ రెండూ సర్దుకోమని చెబుతున్నాను.

ఇక అక్కడి వాళ్ళు ఫోను పట్ల చూపే జాగ్రత్త నన్ను నిజంగా ఆలోచింపజేసింది. సావో పాలో వీధులలో ఫోను లాక్కుపోవడం సాధారణం. సైకిలు మీదో మోటారు సైకిలు మీదో వచ్చి, చేతిలోంచి గుంజుకుని పోతారు. పోయేది ఫోను మాత్రమే అయితే బెంగ లేదు. తెరిచి ఉన్న ఫోనులో బ్యాంకు ఉంది, పిక్స్ ఉంది. మనుషులను బంధించి పిక్స్ చేయించుకున్న సంఘటనలు పెరగడంతో, 2021లో కేంద్ర బ్యాంకు రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఆరు వరకు వ్యక్తుల మధ్య పంపే సొమ్ముకు బ్రెజిల్ కరెన్సీలో వెయ్యి రియాళ్ళ హద్దు పెట్టింది. అది మన డబ్బులో సుమారు పదహారు వేలు. బ్యాంకు యాప్‌లున్న ఫోనును ఇంట్లో దాచి, పాత ఫోను ఒకటి బయటికి తీసుకువెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. మావాడూ అదే చేస్తున్నాడు. "బస్టాండులో ఫోను తీయొద్దు పెదనాన్నా, చూడాల్సింది ఏదన్నా ఉంటే షాపులోకి పోయి చూసుకో" అని నాకు మొదటి రోజే చెప్పాడు. 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం పోయిన ఫోనును, అందులోని బ్యాంకు యాప్‌లను ఒక్కసారే కట్టివేయించే సెలులార్ సెగూరో అనే సేవను తెచ్చింది. మన సంచార్ సాథీ పోయిన ఫోనునైతే ఆపగలదు, ఖాతాల సంగతికి వేరే దారి వెతుక్కోవాలి. ఈ విషయంలో వాళ్ళను చూసి నేర్చుకోవలసింది ఉంది.

అక్కడ ఉండగా నేను ఎక్కువగా మాట్లాడింది ఎన్నికల గురించి. మావాడి పక్క ఫ్లాటులో ఉండే విశ్రాంత ఉపాధ్యాయుడు రాజకీయాలంటే చెవి కోసుకునే మనిషి. మావాడు పోర్చుగీసు నుంచి తెలుగులోకి మారుస్తుంటే మేమిద్దరం గంటల తరబడి కూర్చునేవాళ్ళం. బ్రెజిల్‌లో 1996 నుంచే ఎలక్ట్రానిక్ యంత్రాలతో ఓటు వేస్తున్నారు. మన యంత్రంపై గుర్తు పక్కన మీట నొక్కుతాం. అక్కడ అభ్యర్థి సంఖ్యను అంకెల పలకపై నొక్కితే తెరపై అతని ఫొటో వస్తుంది, సరేననుకుంటే ఆకుపచ్చ మీట, తప్పనుకుంటే నారింజ మీట, ఎవరూ వద్దనుకుంటే తెల్ల మీట నొక్కాలి. 2022 అక్టోబరు 30న అధ్యక్ష పదవికి రెండో విడత పోలింగు సాయంత్రం అయిదుకు ముగిస్తే, రాత్రి ఎనిమిది అయ్యేసరికి లూలా గెలిచినట్టు దేశమంతా తెలిసిపోయింది. తేడా 50.9కి 49.1 శాతం మాత్రమే. 2024లో మేము మే 13న ఓటు వేసి జూన్ 4 దాకా ఎదురుచూశామని చెబితే ఆయన నమ్మలేదు. ఏడు విడతల దేశం ఎంత పెద్దదో చెప్పి నచ్చజెప్పవలసి వచ్చింది.

అయితే ఆ వేగం వాళ్ళకు శాంతిని కొనిపెట్టలేదు. యంత్రం కాగితపు చీటీ ఇవ్వదన్న అనుమానాన్ని, లూలా చేతిలో ఓడిన అప్పటి అధ్యక్షుడు బొల్సొనారో పదేపదే రేపాడు. చీటీ ఉండాలన్న ప్రతిపాదన 2021 ఆగస్టులో వాళ్ళ దిగువసభలో 229 ఓట్లు తెచ్చుకుని కూడా, అవసరమైన 308 రాక వీగిపోయింది. విదేశీ రాయబారులను పిలిచి ఎన్నికల విధానాన్ని నిందించినందుకు 2023లో ఎన్నికల న్యాయస్థానం అతన్ని 2030 దాకా పోటీకి అనర్హుడిగా ప్రకటించింది. అంతకుముందే, అదే సంవత్సరం జనవరి 8న, అతని అనుచరులు రాజధానిలో పార్లమెంటు, సుప్రీంకోర్టు, అధ్యక్ష భవనం మీద పడి ధ్వంసం చేశారు.

మన దగ్గర చీటీ ఉంది. వీవీప్యాట్ గాజు వెనుక ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడుతుంది. ఒక్కో అసెంబ్లీ స్థానంలో అయిదు కేంద్రాల చీటీలను లెక్కించి సరిచూస్తారు. అన్నీ లెక్కించాలన్న వాదనను 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది, కానీ రెండు, మూడు స్థానాలలో నిలిచిన అభ్యర్థులు ఖర్చు భరించి అయిదు శాతం యంత్రాల తనిఖీ కోరవచ్చునని దారి ఇచ్చింది. ఆ ఎన్నికలలోనే మా ఒంగోలు నియోజకవర్గంలో ఓడిన అభ్యర్థి 12 కేంద్రాల యంత్రాల తనిఖీ కోరడం, అది హైకోర్టు దాకా వెళ్ళడం మా ఊరివాళ్ళు మరచిపోలేదు. 2019లో యంత్రాలను శంకించిన పార్టీ 2024లో వాటినే నమ్మింది, 2019లో నమ్మిన పార్టీ 2024లో కాగితపు బ్యాలెట్ కావాలన్నది. బ్రెజిల్ పెద్దాయనకు ఇది చెబితే గట్టిగా నవ్వాడు, మన పార్టీల పేర్లు పలకడం రాకపోయినా సంగతి ఆయనకు వెంటనే తెలిసిపోయింది. ఓడినవాడు యంత్రాన్ని తిట్టడంలో రెండు దేశాలకూ తేడా లేదు. అయినా నన్నడిగితే, తిట్టేవాడికి కూడా తెరిచి చూపడానికి ఒక పెట్టె, అందులో కొన్ని చీటీలు ఉండడమే మేలు. ఫలితం మూడు వారాలు ఆగినా నాకు పట్టింపు లేదు.

మరొక చోట మాత్రం మనవాళ్ళను చూసి నాకు గర్వం, దానితోపాటే ఒక సందేహం కలిగాయి. బ్రెజిల్‌లో 18 నుంచి 70 ఏళ్ళ వరకు చదువు వచ్చిన వాళ్ళందరికీ ఓటు తప్పనిసరి. వేయని వాళ్ళు కారణం చెప్పుకోవాలి. పోలింగు రోజున వేరే ఊళ్ళో ఉంటే ఇ-తీతులో అనే యాప్ తెరిచి, ఫోను ఉన్న చోటు ఆధారంగానే ఆ సంజాయిషీ ఇచ్చుకోవచ్చు. కారణం చెప్పకపోతే మూడున్నర రియాళ్ళ జరిమానా, అంటే దాదాపు అరవై రూపాయలు. అది కట్టకపోతే పాస్‌పోర్టు రాదు. ఇంత చేసినా 2022లో అక్కడ అయిదుగురిలో ఒకరు ఓటుకు రాలేదు. జరిమానా లేని మన రాష్ట్రంలో 2024లో దాదాపు 82 శాతం మంది వేశారు. మా ప్రకాశం జిల్లా దర్శిలో 90 శాతం దాటింది, రాష్ట్రంలో అదే అత్యధికం. హైదరాబాదు, బెంగళూరుల నుంచి బస్సులలో నిలబడి వచ్చి మరీ వేసి పోయారు. ఆ శాతం వెనుక పంచిన నోట్ల పాత్ర ఏమీ లేదని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ నోటు తీసుకున్నవాడు రాత్రంతా ఎందుకు ప్రయాణం చేస్తాడన్న ప్రశ్నకు నోటు ఒక్కటే జవాబు కాదు.

మావాడి మాటేమిటి? అతను భారతీయుడు కనుక బ్రెజిల్‌లో ఓటు లేదు. విదేశాలలో ఉన్న బ్రెజిల్ పౌరులు తమ రాయబార కార్యాలయాలకు వెళ్ళి అధ్యక్షుడికి ఓటు వేస్తారు. మన చట్టం 2010లో సవరించాక ప్రవాసులు ఫారం 6ఎ నింపి సొంత ఊరి జాబితాలో పేరు చేర్చుకోవచ్చు, కానీ ఓటు మాత్రం ఆ ఊరి కేంద్రానికి స్వయంగా వచ్చి వేయాలి. సైనికులకు ఇచ్చినట్టు తపాలా ఓటు వీళ్ళకూ ఇవ్వవచ్చునని ఎన్నికల సంఘం 2020లో ప్రతిపాదించింది, అది అమలు కాలేదు. కూర్చున్న చోటి నుంచి ఒంగోలులో అమ్మకు మందులకు క్షణంలో డబ్బు పంపగల కుర్రవాడు ఓటు వేయాలంటే రెండు విమానాలు, ఒక రైలు ఎక్కాలి. మా జిల్లాల నుంచి అమెరికా, గల్ఫ్, ఆస్ట్రేలియా వెళ్ళిన వాళ్ళందరిదీ ఇదే స్థితి. ఫోనుతో ఓటు వేయనివ్వమని నేను అనను, ఎవరి బలవంతం మీద ఎవరు నొక్కుతున్నారో ఎలా తెలుస్తుంది? రాత్రి పూట పిక్స్‌కు హద్దు పెట్టవలసి రావడానికి కారణం కూడా అలాంటి బలవంతమే. రాయబార కార్యాలయంలో ఒక పెట్టె పెట్టడానికి మాత్రం ఏ అడ్డంకీ నాకు కనబడలేదు.

మావాడు ఫారం 6ఎ ఆన్‌లైన్‌లో నింపాడు. పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మా పాత ఇంటిది కావడంతో, మా వార్డు బూత్ స్థాయి అధికారి వచ్చి అతను ఎక్కడుంటాడని అడిగి రాసుకుని వెళ్ళారు. 2029లో వస్తావా అని అడిగితే, టిక్కెట్టు ధర చూసి చెబుతానన్నాడు.