కోయంబేడు నుంచి పొన్నేరి దాకా గుంటగలగర వెంట

తెల్లవారుజామున నాలుగున్నరకి కోయంబేడు మార్కెట్లో కీర కట్టల నుంచి ఇంకా నీళ్లు కారుతూనే ఉంటాయి. చెన్నైలో మనవాళ్లకి ఆకుకూర అంటే కీరే. మేం వెతికింది గుంటగలగర, అరవంలో కరిసలాంగణ్ణి. తమిళ సాధువు, కవి వళ్లలార్ (1823–1874) దీన్ని తెగ పొగిడాడు. ఆయన్ని నమ్మేవాళ్లు ఇప్పటికీ పెసరపప్పులో వేసి వండుకుంటారు. అందుకే ఇది ఇక్కడ నాటుమందుల కొట్లోనే కాదు, కూరల దగ్గరా దొరుకుతుంది.

గోనెపట్టా మీద ఒకే పేరుతో అమ్ముతున్న కట్టల్లో రెండు మొక్కలు కలిసి ఉన్నాయి. అసలుదానికి ఆకులు ఎదురెదురుగా, కాడ లేకుండా కాండానికే అతుక్కుని, తడిమితే గరుగ్గా ఉంటాయి. పువ్వు తెలుపు, చొక్కా గుండీ కన్నా చిన్నది. రెండోది గడ్డి చామంతి: జానెడు కాడ చివర ఒంటి పువ్వు, నడుమ పసుపు, చుట్టూ ఐదు లేత రేకులు, ఆకు అంచున లోతైన పళ్లు. అనుమానం తీరాలంటే కాడ తుంచి నలిపి బొటనవేలికి రాసుకోవాలి. అసలుదైతే పసరు ముందు ఆకుపచ్చగానే ఉండి, చూస్తుండగానే నల్లబడుతుంది. గడ్డి చామంతి పసరు అలా మారదు. అది గాయాలకి వాడే ఆకు, పప్పులోకి కాదు.

అక్కణ్ణుంచి సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్‌కి వచ్చి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కాం. గంట ప్రయాణం. పొన్నేరిలో దిగి ఆటోలో పోతే వరి మళ్ల పక్కన ఓ పెద్దాయన నాలుగు మళ్లలో ఇదే వేస్తున్నాడు. ఇంట్లో తెలుగే.

“గట్టు మీద అడక్కుండా మొలుస్తుంది గదా తాతా, మడి కట్టి వేస్తే ఎందుకు రాదు?” అని అడిగాం.

“మీరు మన్ను కప్పుతారు నాయనా, అందుకు.”

చాలామంది పొరపాటు ఇదే. ఈ విత్తనానికి వెలుతురు తగిలితేనే మొలక. అర సెంటీమీటరు లోతులో పడినా పైకి రాదు. ఆయన పద్ధతి ఇది: చివికిన పశువుల ఎరువు, మన్ను సమపాళ్లలో కలిపి, జల్లించి, మడి చదును చేసి ముందే బాగా తడుపుతాడు. గోధుమరంగుకి తిరిగిన పూలగుండీలని అరచేతిలో నలిపితే గింజలు రాలతాయి. గుప్పెడు గింజకి నాలుగు గుప్పిళ్ల సన్న ఇసుక కలిపి పైన చల్లి, అరచేత్తో అదిమి వదిలేస్తాడు. అంతే. ఆ తర్వాత నీళ్లు కుండతో పోయకూడదు, సన్న జల్లుగానే చల్లాలి. వారంలో మొలక కనబడుతుంది. నెల నారు నాలుగు వేళ్ల ఎత్తుకి రాగానే సాయంత్రంపూట పీకి జానెడు ఎడంతో నాటుతాడు.

గింజ పైనే ఉండటంలో ఇంకో చిక్కు ఉంది. చెన్నై వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొట్టే ఈశాన్య వానలకి ఒక్క జల్లు చాలు, గింజంతా కొట్టుకుపోయి మడి మూలకి చేరుతుంది. అక్కడ గుత్తుగా మొలిచి కుళ్లిపోతుంది. అందుకే ఆయన నారు సంక్రాంతి తర్వాతే. తేమ మాత్రం తగ్గనివ్వడు. మడి ఎండితే మొక్క భయపడ్డట్టు తొందరగా పూసేసి, ఆకు చిన్నదై, కాడ ముదురుతుంది. ముదురు కొమ్మ కణుపుల దగ్గర వేళ్లేస్తుంది కాబట్టి దాన్నే నాటొచ్చు గదా అనిపిస్తుంది. నాటితే బతుకుతుంది గానీ ఆకు ఎదక్కముందే పూతకొస్తుంది.

ఇదే పేరుతో పిలిచే ఇంకో కూర మొక్క ఉంది, పసుపు పువ్వు కరిసలాంగణ్ణి. దానికి ఈ బాధలేవీ లేవు, రెండు మూడు కణుపుల తీగ ముక్క చాలు. కానీ నగరంలో నర్సరీకి వెళ్లి ఆ పేరు అడిగితే, రోడ్డు మధ్యలో డివైడర్ల మీద పరిచే పసుపుపూల తీగని చేతిలో పెట్టే ప్రమాదముంది. ఆకు చూడండి. మూడు పాయలుగా చీలితే అది అమెరికా నుంచి వచ్చిన అలంకారపు తీగ. కూర మొక్క ఆకు సన్నగా, చీలిక లేకుండా ఉంటుంది. తెలియక ఆ అలంకారపు తీగనే వండుకునేవాళ్లుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

నగరంలో కాలవగట్ల మీద ఏపుగా పెరిగిన గుంటగలగర కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టొద్దు. మురుగునీళ్లలోని సీసంలాంటి లోహాలని ఇది వేళ్లతో లాక్కుంటుంది, కడిగితే పోయేవి కావు.

పూత మొదలవగానే, నాటిన రెండు నెలలకి అటూఇటుగా, నాలుగు వేళ్ల మోడు వదిలి కోస్తాడు. మోడు మళ్లీ చిగురిస్తుంది. మందుల కొట్టుకి పోయే సరుకుని కొట్టంలో నీడకి తాళ్ల మీద పల్చగా వేలాడదీస్తాడు. ఐదారు కిలోల పచ్చిది ఎండితే కిలో అవుతుంది. మేం చూసిన రోజు ఓ మూల కట్టలు ఒకదాని మీదొకటి పడి, వేడెక్కి, లోపల బొగ్గులా నల్లబడి బూజు వాసన కొడుతున్నాయి. ఎలాగూ నల్లబడే ఆకే గదా అంటే, పెద్దాయన ఆ కట్ట విప్పి నడుమ తెల్లటి బూజు చూపించి, ఎరువు గుంతలోకి విసిరాడు.