పెన్సిల్ కన్నా ముందు చింతపిక్కలు

మా అబ్బాయికి నాలుగేళ్లు నిండాక జూన్‌లో ఎల్‌కేజీలో చేర్చాము. మూడు వారాలు గడిచేసరికి క్లాసు టీచరు నన్ను పిలిచి, పెన్సిల్ ఒత్తిడికి చిరిగిపోయిన కాగితం చూపించి, పట్టు కుదరడం లేదు కాబట్టి ఇంట్లో రోజూ ఒక పేజీ రాయించమన్నారు. నేను రాయించాను. వాడు గుప్పిట మూసి పెన్సిల్ పట్టుకునేవాడు. బొటనవేలు మిగిలిన వేళ్ల కిందికి దూరిపోయేది, మణికట్టు బిగుసుకుపోయేది, చిన్న గీతకు కూడా చేయంతా భుజం దగ్గర నుంచి కదిలేది. పది రోజులకు పుస్తకాల సంచి చూస్తేనే వాళ్ల నానమ్మ కొంగు వెనక దాక్కోవడం మొదలుపెట్టాడు.

జలుబు చేసి పిల్లల డాక్టరు గారి దగ్గరకు వెళ్లినప్పుడు ఈ సంగతి కూడా అడిగాను. ఆవిడ వాడి రెండు చేతులూ పరీక్షించి, జబ్బేమీ లేదని చెప్పి, నేను అంతకుముందు ఎన్నడూ వినని విషయం ఒకటి వివరించారు. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి, ఒక్కొక్కటిగా గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. పిల్లలు సాధారణంగా మూడేళ్లకు గుండ్రం, నాలుగేళ్లకు కూడిక గుర్తు చూసి గీయగలుగుతారు, చతురస్రం అయిదేళ్లకు దగ్గర పడితే గానీ కుదరదు. మావాడు అప్పటికి గుండ్రం గీసేవాడు, కూడిక గుర్తు వంకరగా వచ్చేది. అలాంటి చేతిని పట్టుకుని, ఎన్నో వంపులు తిప్పితే గానీ పూర్తికాని ‘ఇ’, ‘ఈ’ రాయమని పట్టుబట్టానని తెలిసి నాకు చాలా బాధ కలిగింది. రెండు నెలలు పెన్సిల్ పక్కన పెట్టి వేళ్లకు పని ఇవ్వమని ఆవిడ సలహా ఇచ్చారు.

మొదట ఫోనులో వీడియోలు చూసి, రాజ్మా, శనగలు కలిపి వేరు చేయమన్నాను, గిన్నెలోంచి గిన్నెలోకి చెంచాతో పప్పు పోయమన్నాను, అట్టముక్క అంచుకు బట్టల క్లిప్పులు పెట్టమన్నాను. క్లిప్పులు కొంతకాలం నడిచాయి. గింజల ఆట మాత్రం రెండో రోజే ఆగిపోయింది, ఎందుకంటే వాడు శ్రద్ధగా వేరు చేసిన గింజలను నేను మర్నాటి కోసం మళ్లీ కలుపుతుంటే చూసి, “ఎందుకమ్మా పాడుచేస్తున్నావు?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ వీడియోలన్నీ చిన్నపిల్లల చదువుకు ఒక పద్ధతి రూపొందించిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిసోరి పేరు చెప్పుకునేవే. 1907లో రోములో పిల్లల ఇల్లు తెరిచి, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన ఆ వైద్యురాలి పద్ధతిలో, నీళ్లు పోయడం, తుడవడం, గుండీలు పెట్టడం వంటి నిజమైన ఇంటిపనులకే పెద్ద చోటు ఉందని ఆ తరువాత తెలుసుకున్నాను.

దారి చూపించింది మా అత్తయ్య. ఆవిడ ఉడికించిన వేరుశనగకాయలు ఒలుస్తూ వాడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఉడికిన కాయ మెత్తగా ఉండి బొటనవేలి గోటికి లొంగుతుంది, పచ్చికాయ ఈ వయసుకు గట్టి. అటు తరువాత గోంగూర ఆకులు తుంచడం, వెల్లుల్లి రేకలు విడదీయడం, చపాతీ పిండి పిసికి ఉండలు చేయడం, స్ప్రే సీసాతో తులసికి నీళ్లు చల్లడం వాడి పనులయ్యాయి. అన్నం దగ్గర “ఈ పచ్చడిలో ఆకు నేనే తుంచాను” అని వాళ్ల నాన్నకు చెప్పేవాడు. వినాయక చవితికి బంకమట్టి పిసకడానికి అరగంట కూర్చున్నాడు.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది వామనగుంటలు. 14 గుంటల పీట అటక మీద ఉంటే దింపాము. గుంటలోని పిక్కలన్నీ గుప్పిట్లోకి తీసుకుని ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటే వేయాలి కదా. మొదటి వారం గుప్పిట తెరవగానే అన్నీ ఒకే గుంటలో రాలిపోయేవి. అప్పుడు రెండో చేత్తో ఒక్కొక్కటి తీసి వేసేవాడు. మూడో వారంలో ఒక సాయంత్రం గమనించాను: చిటికెన వేలు, ఉంగరం వేలు మూసి మూడు పిక్కలను అరచేతిలో దాచుకున్నాడు, బొటనవేలితో ఒక పిక్కను చూపుడువేలి కొసకు నెట్టుకుని, కాసేపు ఆగి, గుంటలో వదిలాడు. పెన్సిల్ పట్టుకు కావలసింది సరిగ్గా అదే: రెండు వేళ్లు మడిచి నిలకడగా ఉండటం, మూడు వేళ్లు కదలడం.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. ఏడాదిన్నర వయసున్న మా ఆడపడుచు కూతురు ఒకసారి చింతపిక్క నోట్లో పెట్టుకుంది. వెంటనే చూసి తీయగలిగాము గానీ, అది గొంతుకు అడ్డం పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది. మూడేళ్ల లోపు పిల్లలు ఉన్నచోట గింజలు, పిక్కలు, పూసలు తీయకూడదు, పెద్ద పిల్లలనైనా వాటితో ఒంటరిగా వదలకూడదు. ఆ రోజు నుంచి మేము పిక్కలు లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి డబ్బాలో వేస్తున్నాము.

దసరా తరువాత పెన్సిల్ కాకుండా సుద్దముక్క ఇచ్చాను, అది కూడా బొటనవేలి కణుపంత ముక్కగా విరిచి. అంత చిన్న ముక్కను గుప్పిటతో పట్టుకోవడం కుదరదు, వేళ్ల కొసలే పట్టుకోవాలి. పలకను బల్ల మీద పెట్టకుండా గోడకు ఆనించి నిలబెట్టాను, నిలువు పలక మీద గీసేటప్పుడు మణికట్టు సహజంగా వెనక్కి వంగి కుదురుగా ఉంటుంది. ధనుర్మాసంలో వాళ్ల నానమ్మతో వాకిట్లో చుక్కలు పెట్టాడు. పిండి చిటికెలోంచి జారే వేగం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందును బట్టి మారుతుందని ఎవరూ చెప్పకుండానే వాడి వేళ్లకు తెలిసింది.

ఇప్పుడు రోజుకు నాలుగు వరుసలు ఏడవకుండా రాస్తున్నాడు. ‘ఈ’ ఇంకా వంకరగానే వస్తోంది, నేను దిద్దడం లేదు. భోగి నాడు కొత్త చొక్కా గుండీలు తానే పెట్టుకుంటానని పట్టుబట్టాడు. నేను సాయం చేయబోతే అత్తయ్య చేయి అడ్డం పెట్టారు. భోగిపళ్ల పళ్లెం పట్టుకుని అందరం నిలబడి ఉండగా కింది నుంచి నాలుగు గుండీలు పెట్టుకున్నాడు. మెడ దగ్గరది మాత్రం కనిపించక నా దగ్గరకు వచ్చి గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.