అనంతగిరిలో కాఫీ ఆకు తిరగేస్తే

అరకు వెళ్లేవాళ్లు చాలామంది అనంతగిరి ఘాట్‌లో ఆగి, ఫొటోలు దిగి, బొంగులో చికెన్ తిని వెళ్లిపోతారు. నేనూ ఆ బాపతే. ఈసారి ఫిబ్రవరిలో వెళ్లాం. రోడ్డు పక్క తోట రైతు ఒకాయన "లోపలికొచ్చి చూడండి బాబూ" అనేసరికి ఆగిపోయాను.

సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. కోతలు అయిపోయాయి. ఆయన ఓ కొమ్మ వంచి ఆకు తిరగేశారు. ఈనె పొడవునా లేతాకుపచ్చ పొలుసు పురుగులు అతుక్కుని ఉన్నాయి. కదలవు, మెదలవు. వీపు మీద సన్నటి నల్ల మెలిక లేకపోతే ఆకులో భాగమే అనుకునేవాణ్ణి. వాటి మధ్య ఎర్రచీమల హడావిడి.

మొక్క రసంలో చక్కెర దండిగా ఉంటుంది, ఒంటికి పట్టే పోషకాలు మాత్రం బాగా తక్కువ. వాటి కోసం ఈ పురుగు తెగ పీల్చి, మిగిలిన తీపిని వెనక నుంచి వదిలేస్తుంది. ఓ చీమ మీసాలతో అలా తట్టింది, మెరుస్తూ చుక్క ఉబికింది. అచ్చం పాలు పితికినట్టే! గుటుక్కున తాగేసి పక్కదాని దగ్గరికి పోయింది.

ఇంతలో ఓ అక్షింతల పురుగు వాలింది. పొలుసు పురుగులంటే దానికి విందు. రెండు చీమలు మీద పడి కాళ్లు పట్టి లాగితే ఎగిరిపోయింది. పాలకు బదులు కాపలా అన్నమాట. ఒప్పందం ఆ రెండింటిదీ, బిల్లు కట్టేది కాఫీ మొక్క. కారిన తీపి మీద బూజు పట్టి కింది ఆకులు మసిబారాయి. వేలితో తుడిస్తే నల్లగా అంటింది.

"ముందు చీమని ఆపాలి బాబూ. అది రాకపోతే సగం పని అక్షింతల పురుగులే చేస్తాయి" అన్నారాయన. అందుకే మొక్కల మీదికి వంతెనల్లా వాలిన కొమ్మలు కత్తిరించారు. పై చెట్లలోని గూళ్ల జోలికి మాత్రం పోలేదు, గొంగళి పురుగుల్ని తినేదీ ఆ చీమలేనట. ఆ గూళ్లూ విచిత్రమే. పెద్ద చీమలు తమ పిల్లల్ని నోట కరుచుకుని తిప్పుతుంటే, వాటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకుల అంచులు అతుక్కుంటాయి. మా కిరండూల్ రైలు వెళ్లే బస్తర్ వైపు వీటితో పచ్చడే నూరుకుంటారు.

నాకు రుచి చూసే అవకాశం దొరకలేదు. వాటికి దొరికింది. బస్సు ఎస్.కోట దాటేదాకా మెడ గోక్కుంటూనే ఉన్నాను.