అడిగి చేసే బదిలీ

2023 ఆగస్టు మొదటి వారం. హ్యూస్టన్‌లో మా ఆఫీసు లంచ్ రూములో ఎవరి నోట విన్నా బేస్‌బాల్ పిచర్ (మన క్రికెట్లో బౌలర్ లాంటివాడు) వెర్లాండర్ మాటే. న్యూయార్క్ మెట్స్‌కి డ్రూ గిల్బర్ట్, ర్యాన్ క్లిఫర్డ్ అనే ఇద్దరు కుర్రాళ్లని ఇచ్చి మా ఊరి టీము ఆస్ట్రోస్ ఆయన్ని మళ్లీ తెచ్చుకుంది. నేను పెరుగన్నం డబ్బా మూత తీస్తూ, "నలభై ఏళ్ల ముసలాయన కోసం చేతికొచ్చే పిల్లల్ని వదులుకుంటారా?" అన్నాను.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన చెంచా కింద పెట్టాడు. పాత కోబాల్ ప్రోగ్రాములు చూడటానికి ఆ వేసవిలోనే కాంట్రాక్టు మీద వచ్చాడాయన. "నాకు అరవై ఏడు. నా గురించీ ఇలాగే అనుకుంటున్నావా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

నాకు ముద్ద దిగలేదు. పెద్దవాళ్లని గౌరవించడం మన దగ్గరే నేర్చుకోవాలని పద్నాలుగేళ్లుగా గట్టిగా నమ్ముతున్నవాణ్ణి. నిజానికి నా మంట వెర్లాండర్ మీద కాదు. ఈయన వచ్చిన వారంలోనే మా టీములోంచి ఇద్దరు మన కుర్రాళ్లని డాలస్ ప్రాజెక్టుకి పంపేశారు. అందులో ఒకరి పాపని అప్పుడే ఇక్కడి స్కూల్లో చేర్చారు. వాళ్లని ఎవరూ అడగలేదు. వీసా మీద ఉన్నవాడు కాదనలేడు కూడా.

మర్నాడు సారీ చెప్పబోతే ఆయన వద్దని, కాగితం మీద గీసి చూపించాడు. 2022 డిసెంబరులో టెక్సస్ రేంజర్స్ టీము అప్పటిదాకా మెట్స్‌లో ఉన్న 34 ఏళ్ల పిచర్ జేకబ్ డిగ్రామ్‌ని ఐదేళ్లకి 18.5 కోట్ల డాలర్లిచ్చి తీసుకుంది. ఆయన్ని పోగొట్టుకున్న మెట్స్ రోజుల్లోనే వెర్లాండర్‌ని పట్టుకుంది, రెండేళ్లకి, ఏడాదికి 4.33 కోట్లు. డిగ్రామ్ ఆరు మ్యాచ్‌లు ఆడాడో లేదో, మోచేయి దెబ్బతిని జూన్‌లో ఆపరేషన్ అయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి రేంజర్స్ జులై చివర మెట్స్ నుంచే మరో సీనియర్ పిచర్ మ్యాక్స్ షెర్జర్‌ని తెచ్చింది, 21 ఏళ్ల లూయిసాంజెల్ అకూన్యాని ఇచ్చి. రెండు మూడు రోజులకే ఆస్ట్రోస్ వెర్లాండర్‌ని తెచ్చింది. ఒక సంతకం ఇన్ని ఇళ్లు కదిపింది.

ఫ్రీ ఏజెంట్‌ని, అంటే ఒప్పందం అయిపోయి ఖాళీగా ఉన్న ఆటగాణ్ణి, తెచ్చుకుంటే పోయేది చాలావరకు డబ్బే. ట్రేడ్‌లో, అంటే టీముల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో అయితే, సొంత మైనర్ లీగ్ (కింది స్థాయి) టీముల్లో పెంచుకున్న పిల్లల్ని ఇవ్వాలి. అందుకే శీతాకాలంలో పేరున్న సీనియర్ పిచర్లు ఖాళీగా ఉన్నంతసేపూ ట్రేడ్ బేరాలు నత్తనడక నడుస్తాయి. వాళ్లు సంతకాలు చేసేశాక, దొరకని టీములన్నీ పిచర్లున్న టీముల గుమ్మం ముందు నిలబడతాయి. అప్పుడు వాళ్లు అడిగిందే ధర. జులైకి లెక్క మళ్లీ తిరుగుతుంది. ఓడిపోతున్న మెట్స్ దగ్గర పెద్ద జీతాల సీనియర్లు మిగిలారు. షెర్జర్‌తో పాటు దాదాపు 3.5 కోట్ల డాలర్లు కూడా పంపింది. వెర్లాండర్‌కి రావలసిన దాంట్లోనూ ఎక్కువ భాగం తనే పెట్టుకుంది. జీతం అమ్మేవాడే భరిస్తే కొనేవాడు మంచి కుర్రాణ్ణి ఇస్తాడు. మెట్స్ ఆ డబ్బుతో కొన్నది ఆ ముగ్గురు పిల్లల్నే.

ఇంతవరకు బాగానే అర్థమైంది. నా మనసు పట్టుకున్నది ఇంకో మాట. వెర్లాండర్, షెర్జర్ ఇద్దరి ఒప్పందాల్లోనూ నో-ట్రేడ్ క్లాజు ఉంది. వాళ్లు సరే అంటేనే కదలాలి. ఆ క్లాజు లేకపోయినా, మేజర్ లీగ్‌లో పదేళ్ల సర్వీసు నిండి, చివరి ఐదేళ్లు ఒకే టీములో ఉన్నవాడికి ట్రేడ్ కాదనే హక్కు ఉంటుంది. గిల్బర్ట్‌కీ క్లిఫర్డ్‌కీ అకూన్యాకీ అలాంటిదేమీ లేదు. ఫోనొస్తే పెట్టె సర్దుకోవడమే.

మా నాన్న కృష్ణా జిల్లాలో జడ్పీ హైస్కూలు లెక్కల మాస్టారు. బదిలీల సీజన్లో మా ఇంట్లో ఉండే టెన్షన్ నాకింకా గుర్తుంది. మొదట్లో ఎక్కడ వేస్తే అక్కడికి. తర్వాత కౌన్సెలింగ్ వచ్చింది, సర్వీసుకి పాయింట్లు, స్పౌజ్ పాయింట్లు. నాన్న కంటే సీనియర్లు ముందు కోరుకునేవారు, కొత్తవాళ్లకి మిగిలిన ఊళ్లు. అన్యాయమే కావచ్చు. కానీ అక్కడ ఎప్పటికైనా మన వంతు వస్తుందని తెలుసు. డాలస్ వెళ్లిన కుర్రాళ్లకి ఆ వంతు ఏ ఏడు వస్తుందో నేను చెప్పలేను, నాకే రాలేదు. నాన్నకి 58 నిండిన మర్నాడు ఇక రావద్దన్నారు. ఈ పెద్దాయనని అరవై ఏడులో వెతుక్కుంటూ వచ్చి పిలిచారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కో రాత్రి నిద్ర పట్టదు.

ఆ అక్టోబరులో సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో రేంజర్స్, ఆస్ట్రోస్ ఎదురుపడి ఆఖరిదైన ఏడో మ్యాచ్ దాకా వెళ్లాయి. రేంజర్స్ గెలిచి, ఆ తర్వాత ఫైనల్లో వాళ్ల మొదటి వరల్డ్ సిరీస్ టైటిల్ కూడా ఎత్తుకుపోయారు. ఆస్ట్రోస్‌తో ఆ ఏడో మ్యాచ్ పెద్దాయన ఇంట్లోనే చూశాను. పులిహోర తీసుకెళ్లాను. రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న. మొత్తం ఎన్ని బదిలీలయ్యాయి నాన్నా అని అడిగాను. తడుముకోకుండా వరసగా చెప్పాడు, ఘంటసాల, మొవ్వ, చల్లపల్లి, మళ్లీ ఘంటసాల, ఉయ్యూరు. "ఉయ్యూరు మాత్రం నేను కోరుకున్నదేరా" అన్నాడు. కాసేపాగి మళ్లీ అదే మాట అన్నాడు.